చల్లారని కుర్చీలు

ఖాళీ కుర్చీ కనిపిస్తే శివన్న ఆగలేడు. వెళ్లి కూర్చుంటాడు. అలసిపోయి కాదు, హోదా కోసమూ కాదు. మనిషి లేచి వెళ్లిన కుర్చీ చల్లారకూడదని ఆయన నమ్మకం. చల్లారితే ఆ మనిషి ఇక తిరిగి రాడట. అందుకే మా మునిసిపల్ ఆఫీసులో ఎవరు సెలవు పెట్టినా, వాళ్ల కుర్చీలో రోజుకు పది నిమిషాలు కూర్చుని, వెచ్చబెట్టి, చేతులు దులుపుకుని లేచేవాడు. ఆయన అక్కడ ముప్పై ఒక్క ఏళ్లుగా అటెండరు. సొంతానికి ఉన్నది మాత్రం వరండాలో ఒక కుంటి స్టూలు.

ఒకసారి కమిషనరుగారు తిరుమలకు వెళ్తే ఆయన కుర్చీ కూడా వెచ్చబెట్టాడు. సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే కొత్త కాంట్రాక్టరు ఒకాయన లోపలికొచ్చి, శివన్నకు శాలువా కప్పి, యాపిల్ పళ్ల బుట్ట చేతిలో పెట్టి, వంగి వంగి దణ్ణాలు పెట్టి వెళ్లాడు. శివన్న శాలువాను కుర్చీకి కప్పి, పళ్లు మా అందరికీ పంచాడు.

జనన మరణాల సీటు చూసే నాగలతక్క పెళ్లి విందులో పెళ్లికొడుకు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. వెంటనే ఆ ఎర్ర సింహాసనంలో శివన్న. ఫొటోగ్రాఫరు పొరుగూరివాడు, ఎవరు ఎవరో తెలియదు. ఆల్బమ్‌లో ఇప్పటికీ రెండు పేజీల నిండా అక్క పక్కన శివన్నే, వచ్చినవాళ్లకు నమస్కారం పెడుతూ ఉంటాడు.

తిమ్మయ్య అనే రిటైరైన బిల్ కలెక్టరు పోయినప్పుడు పరామర్శకు వెళ్లి, తలుపు వెనక ఉన్న ఆయన పేము కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున్నే నిద్రమత్తులో ఉన్న భార్య అలవాటు కొద్దీ కుర్చీ పక్కన కాఫీ గ్లాసు పెట్టి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ, గ్లాసూ ఖాళీ. ఆ ఇంట్లో ఆ తరువాత చాలా రోజులు కాఫీ పెట్టారని విన్నాను. చాలా రోజులు గ్లాసు ఖాళీ అయిందని కూడా విన్నాను.

ఆ కాఫీ సంగతి నేనొకసారి ధైర్యం చేసి అడిగాను. "కుర్చీకి జ్ఞాపకం తక్కువ పాపా," అన్నాడు. "రెండు దినాలు చల్లగుంటే ఎవురిదో మరిసిపోతాది."

నిరుడు మార్చి మొదట్లో మా ఊరి మునిసిపాలిటీ ఖజానా అడుగంటింది. ముప్పైమందిలో పంతొమ్మిది మందిని తొంభై రోజులు జీతం లేకుండా ఇంటికి పంపాలని తీర్మానం చేశారు. కరెంటు ఆదా కోసం పెద్ద హాలుకు తాళం వేయమన్నారు. ఉత్తర్వు చివర ఒక వాక్యం ఉంది. ఈ తొంభై రోజుల్లో ఒక్క అర్జీ కూడా రాని సీటు అనవసరమైనదిగా భావించి తీసేస్తారు. తాళం వేసిన హాల్లోకి అర్జీ ఎలా వస్తుందని ఎవరూ అడగలేదు.

మేనేజరు దావీదురాజు గారు పేర్లు చదివారు. పేరు చదివిన ప్రతిసారీ నాపరాళ్ల మీద ఒక కుర్చీ కిర్రుమంది. నాగలతక్క తన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ, ఇల్లు గోడల దాకా లేచి ఆగిందని, ఈ సీటు పోతే దానికి ఇక కప్పు పడదని నాతో చెప్పింది. చివరి పేరు శివన్నది. ఆయన తాళాల గుత్తి మేనేజరుకు అప్పగించి వెళ్లిపోయాడు. దారిలో ఇన్ని ఖాళీ కుర్చీలు ఉన్నా ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. మిగతావన్నీ మరచిపోయినా ఆ నడక నాకు గుర్తుంది.

నేను కాంట్రాక్టు మీద కంప్యూటర్ చూసేదాన్ని. చవక కాబట్టి ఉంచారు. వచ్చిన అర్జీలు తీసుకుని ముద్ర వేసే పని కూడా నాకే అప్పగించారు. అర్జీలే రాలేదు. హాలు మూశామని గేటుకు వేలాడదీసిన బోర్డు చూసి జనం వెనక్కి వెళ్లిపోతున్నారు.

నా గది హాలు పక్కనే. మధ్య గోడకు పైన ఒక చిన్న వెంటిలేటర్. పదో రోజు అనుకుంటాను, మధ్యాహ్నం పన్నెండు దాటింది. రోడ్డు మీద పిట్ట లేదు. తాళం వేసిన హాల్లో ఎవరో మాట్లాడుతున్నారు.

ఆడమనిషి గొంతు. కొళాయి గురించి ఏదో నెమ్మదిగా చెబుతోంది. మధ్యలో జవాబు కోసం ఆగుతోంది. జవాబు లేదు. మళ్లీ చెబుతోంది. చివరికి కుర్చీ కిర్రుమన్న శబ్దం, ఆ తరువాత ఏమీ లేదు.

మేనేజరుగారికి చెప్పాను. ఎండకు కుర్చీల కర్ర చిట్లి చప్పుడు చేస్తుందని, భయపడవద్దని అన్నారు. కర్ర కొళాయి గురించి మాట్లాడుతుందా అని అడగాలనుకున్నాను. అడగలేదు. నాకు ఎవరినైనా అడగడం కంటే భయపడటమే సులువు.

ఆ తరువాత రోజూ గొంతులు. ఒకరోజు ముసలాయన, ఒకరోజు చంటిబిడ్డ ఏడుపు, ఒకరోజు ఇద్దరు గొడవపడుతూ. ఎవరు ఎంత సేపు మాట్లాడినా అవతలి నుంచి ఒక్క మాట లేదు.

ముప్పయ్యో రోజు ఏదో పాత ఫైలు కావాలని మేనేజరుగారు తాళాలిచ్చి నన్ను హాల్లోకి పంపారు. కిటికీలు మూసి ఉన్నాయి. గడియారం ఆగి ఉంది. బల్లల మీద వేలితో రాయగలిగినంత దుమ్ము. చీకట్లో తడుముకుంటూ నాగలతక్క కుర్చీ మీద చెయ్యి వేశాను. పాత కమిషనరుగారు వదిలేసి వెళ్లిన ఎత్తువీపు కుర్చీ అది.

కుర్చీ వెచ్చగా ఉంది.

ఎండ వేడి అనుకుందామంటే పక్కనున్న ఇనుప బీరువా చల్లగా ఉంది. రెండో కుర్చీ ముట్టుకున్నాను. అదీ వెచ్చగానే ఉంది. బల్లలన్నిటి మీదా దుమ్ము ఉంది, కుర్చీల మీద మాత్రం లేదు. ఫైలు తీసుకోకుండానే బయటికొచ్చేశాను.

ఈసారి మేనేజరుగారు కర్ర సంగతి ఎత్తలేదు. "ప్రభువా," అని కాసేపు కళ్లు మూసుకున్నారు. తరువాత గొంతు తగ్గించి, శివన్న ఇంటికి తాళం వేసి ఉందని, ఆయన అహోబిలం వెళ్లాడని ఎవరో చెప్పారని, అక్కడా ఎవరూ చూడలేదని చెప్పారు. "మనిషి పోయినా అలవాటు పోలేదేమోమ్మా," అన్నారు. ఆ రోజు నుంచి ఆయన హాలు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు.

పోయినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ నలభయ్యో రోజు విన్న మాటలకు ఊరుకోలేకపోయాను. గోడ అవతల ఒక ముసలమ్మ గట్టిగా అంటోంది.

"నా మొగుడు సచ్చినాడని నీకు సెప్తాండా. ఇని ఊరికే ఉంటే ఎట్ల? రాసుకో."

చచ్చినవాడి గురించి చచ్చినవాడికే చెబుతోందా? ఇంకా నా దగ్గరే ఉన్న తాళాలతో తలుపు తీశాను.

ముసలమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఎత్తువీపు కుర్చీ, నాకు వీపు చూపిస్తూ. వీపు పైన తల లేదు. కుర్చీ కిందకు కాళ్లూ వేలాడటం లేదు.

"ఇంత సేపా పాపా, వచ్చేకి?" అంది కుర్చీ.

నేను అరవలేదు. అరవడానికి కూడా కొంత చొరవ కావాలి. కుర్చీ చేతుల మధ్య నుంచి ఒక పిడికెడు మనిషి, కాళ్లు పైకి ముడుచుకుని, తొడ మీద అట్ట, చేతిలో పెన్ను పట్టుకుని నా వైపు తిరిగాడు.

"బతికే ఉన్నావా అన్నా?" అన్నాను.

"సచ్చేకి తీరిక యాడిది? పద్దెనిమిది కుర్చీలు."

ఆ ముసలమ్మ పేరు గిడ్డమ్మ. భర్త మరణ ధ్రువపత్రం కోసం తిరుగుతోంది. మిగతా సంగతి శివన్న చెప్పాడు. పారిశుధ్యం షెడ్డు వైపున్న వెనక తలుపుకు ఎప్పుడూ తాళమే లేదు, ఆ సంగతి తెలిసింది ఆయనొక్కడికే. రోజూ ఎదురుగా ఉన్న టీ కొట్టు వెనక నక్కి, బోర్డు చదివి తిరిగిపోతున్నవాళ్లను ఆపి, వెనక నుంచి లోపలికి తీసుకొచ్చేవాడు. కొళాయి పని అయితే కొళాయి సీటు, ఇంటి పన్ను అయితే ఆ సీటు, దేనికి దానిలోనే కూర్చుని అర్జీ రాసేవాడు. జవాబు మాత్రం చెప్పేవాడు కాదు. సెలవులో ఉన్నవాడు ఆఫీసు తరఫున మాట్లాడకూడదట.

మరి నా దగ్గరికి ఎందుకు పంపలేదని అడిగాను.

"పంపితే నువ్వు పోయి మేనేజరును అడుగుతావు. ఆయప్ప తలుపు మూయిస్తాడు. నువ్వే వస్తావని అందరితో గట్టిగా మాట్లాడిస్తాండా. నువ్వేమో గోడకు చెవి పెట్టి పోతాండావు." తువ్వాలు మూట విప్పి నా ముందు పెట్టాడు. సీటు ప్రకారం దారం కట్టిన అర్జీలు. "ముద్ర ఏసే అధికారం నీకుండాది. నాకు ల్యా."

ఆ రోజంతా ముద్రలు వేశాను. మిగిలిన యాభై రోజులూ వేశాను. అర్జీలు ఎలా వస్తున్నాయని మేనేజరుగారు అడగలేదు. పైలోకం నుంచి వస్తున్నాయని ఆయన ఒక నిర్ణయానికి వచ్చినట్టున్నారు.

తొంభయ్యో రోజు జిల్లా కేంద్రం నుంచి ఒక ఆఫీసరుగారు వచ్చారు. హాలు తెరిపించి, సీట్ల జాబితా చదువుతూ నడిచారు. ప్రతి బల్ల మీదా అర్జీల కట్ట ఉంది. అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది నాగలతక్క బల్ల మీద, ఎందుకంటే ఖజానాతో సంబంధం లేకుండా జనం పుడుతూ పోతూనే ఉన్నారు. ఆఫీసరుగారు ఆ కుర్చీ మీద చెయ్యి ఆనించి, చటుక్కున తీసేశారు.

"ఇందులో ఇప్పుడు ఎవరైనా కూర్చున్నారా?"

"ప్రభువా," అన్నారు మేనేజరుగారు.

పద్దెనిమిది సీట్లు ఉంటాయని రాశారు. పంతొమ్మిదోది అటెండరు. దానికి ఒక్క అర్జీ లేదు. నిబంధన ప్రకారం తీసేయక తప్పదన్నారు. వెనక తలుపు నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిన మనిషిని చూసి మేనేజరుగారు ఒక అడుగు వెనక్కి వేశారు. శివన్న నవ్వాడు. "స్టూలుకు అర్జీ ఎవురిస్తారు సార్?" అన్నాడు. నవ్వు బాగానే ఉంది కానీ, చెయ్యి మాత్రం గోడను పట్టుకుని ఉంది. అన్ని కుర్చీలు వెచ్చబెట్టినవాడు ఈ తొంభై రోజుల్లో తన స్టూలు మీద ఒక్కసారీ కూర్చోలేదని అప్పుడు తోచింది.

టైము మూడున్నర. అయిదు వరకూ ఆఫీసు ఉన్నట్టే. నేను బయటికి వెళ్లాను. భర్త పత్రం కోసం మళ్లీ వచ్చిన గిడ్డమ్మ గోడ నీడలో కూర్చుని ఉంది. జన్మలో మొదటిసారి ఒక మనిషిని నాకై నేను సాయం అడిగాను. ఆమె సంగతంతా విని, పైట చెంగుతో ముఖం తుడుచుకుంది.

"రాయి, సెప్తా," అంది.

ఆమె వేలిముద్ర పక్కన నా ముద్ర వేసి, ఆమెను వెంటబెట్టుకుని లోపలికొచ్చి, కాగితం ఆఫీసరుగారి ముందు పెట్టాను. ఆయన పైకే చదివారు.

"అయ్యా, నేను ఈ ఆఫీసుకు పన్నెండు మార్లు వచ్చినాను. ఎండలో వచ్చినాను. ఎవరూ గుక్కెడు నీళ్లు ఇయ్యలేదు. నీళ్లిచ్చే మనిషిని మీరే ఇంటికి పంపినారంట. ఆ మనిషిని పిలిపించి నాకు నీళ్లు ఇప్పించవలెనని ప్రార్థన."

చదవడం అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నారు. మళ్లీ సవరించుకున్నారు. మే నెల, ఫ్యాను లేని హాలు, పద్దెనిమిది బల్లల దుమ్ము. కాసిని మంచినీళ్లు తెమ్మని ఎవరితోనో అన్నట్టుగా గాల్లోకి అన్నారు. మేనేజరుగారు నన్ను చూశారు. నేను గిడ్డమ్మను చూశాను. శివన్న అలవాటు కొద్దీ కుండ వైపు రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, చేతులు కట్టుకున్నాడు.

"నేను సెలవులో ఉండా సార్," అన్నాడు. "నీళ్లు ముంచే అధికారం నాకు ల్యా."

ఆఫీసరుగారు కిటికీ సందులోంచి పడుతున్న ఎండను ఒకసారి, శివన్నను ఒకసారి చూసి, సీట్ల జాబితా ముందుకు లాక్కుని, పెన్ను మూత తీశారు.