మునెమ్మ వేళ్ళకు తగిలిన ముడి

కరోనా తగ్గిన మరుసటి ఏడు, జూలై నడుమ, ఆడి నెల మొదట్లో, నన్ను తిరుత్తణి నుంచి ఆర్.కె.పేట వైపు సెక్టార్ హెల్త్ నర్సుగా వేశారు. ఊళ్ళలో పనిచేసే నర్సుల మీద పర్యవేక్షణ ఆ ఉద్యోగం. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. అన్నేళ్ళ సర్వీసులో నా రిజిస్టర్లో ఒక్క కొట్టివేత కూడా లేదని నాకు గర్వంగా ఉండేది. కాస్త ఎక్కువగానే ఉండేది.

అప్పుడు మాకప్పగించిన పని ముప్పై దాటిన ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ పరీక్ష. యంత్రమేమీ ఉండదు. మూడు వేళ్ళ మెత్తటి భాగంతో మెడ ఎముక కింది నుంచి చంక దాకా చిన్న చిన్న చుట్లుగా తడిమి చూడాలి. కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి. అనుమానముంటే చీటీ రాసి తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి పంపాలి. గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. నొప్పి లేనిదాన్ని మనవాళ్ళు రోగమనుకోరు.

పవర్‌లూమ్ వీధిలో క్యాంపుకు, నెలకొకసారి మరమ్మతుకని కరెంటు ఆపే రోజును ఎంచుకున్నాం. మగ్గాలు ఆడుతుంటే ఆడవాళ్ళు కదలరు. ఆ రోజు వరుస గుమ్మం దాటింది. రెండింటికి కరెంటొస్తే అందరూ లేచిపోతారని నాకు తొందర. కూర్చోబెట్టి చూడటం మానేసి, పడుకోబెట్టి మాత్రమే చూస్తూ పోయాను.

మునెమ్మ పని, నేసిన గుడ్డను తడిమి ముడులు ఏరడం. నలభై దాటాయి. ఆమెను చూసి 'నార్మల్' అని రాసేశాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"కట్టి ఉండాది సిస్టరమ్మా, గడ్డ మాదిరి. గుడ్డలో ముడుంటే నా ఏలికి తెలస్తాది. పండుకుంటే దాంకుంటాది, కూర్చుంటే దొరుకుతాది."

ఇన్నేళ్ళుగా చూస్తున్నదాన్ని, నాకు తెలియదా అన్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని, నా వేళ్ళు పట్టి చంక పక్కన ఆనించింది. బఠాణీ గింజంత గడ్డ. నాకు సిగ్గేసింది. అందరి ముందే రిజిస్టర్లో ఆ వరుస కొట్టేసి సంతకం పెట్టాను. అంతకుముందు చూసినవాళ్ళందరినీ మళ్ళీ పిలిపించి కూర్చోబెట్టి చూశాను.

చీటీ అందుకుని, ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు కావడి మొక్కుంది, అది తీరినాక పోతానంది మునెమ్మ.

"కొండ యాడికీ పోదు. మురుగన్ కాచుకోనుంటాడు, గడ్డ కాచుకోదు. రా," అన్నాను.

మర్నాడు నేనే బస్సెక్కించి తిరువళ్ళూరు తీసుకుపోయాను. సూది పరీక్షలో క్యాన్సరని తేలింది, తొలి దశ. గడ్డ వరకే తీసేశారు, తరువాత చెన్నైలో కరెంటు వైద్యం, అదే రేడియేషన్. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ఇంత సులువుగా పోయేది కాదన్నారు డాక్టరమ్మ.

మునెమ్మ మళ్ళీ మగ్గాల దగ్గరికి వచ్చింది. ఆ తరువాత కరెంటు ఆపిన రోజుల్లో వరుసను ఆమే నిలబెట్టేది. గుడ్డ చూసినట్టు చూసుకోండి అని ఆమె చెబితే, నేను పాఠం చెప్పినదానికన్నా బాగా ఎక్కేది. మా సెక్టారు నర్సులందరికీ కొత్త అలవాటు పెట్టాను: చెయ్యి వేసే ముందు, నీ చేతికేమైనా తగిలిందా అని పరీక్షకు వచ్చినామెనే అడగాలి.

సగం చేసిన పరీక్ష, చేయని పరీక్ష కన్నా చెడ్డది. 'నార్మల్' అని రాసిస్తే ఆ మనిషి నమ్మి ఇంటికి పోతుంది. రిటైరై చార్జి అప్పగించిన రోజు, నా తరువాత వచ్చిన నర్సుకు మొట్టమొదట తెరిచి చూపించింది ఆ కొట్టివేత ఉన్న పేజీనే.