హనుమమ్మ తెమడ డబ్బా

మేళ్లచెరువు దగ్గరున్న మా ఊళ్ళో దగ్గని మనిషి లేడు. దగ్గితే క్వారీ దుమ్మనేస్తాం, మళ్ళీ పనిలో పడతాం. ఒక్క ఆశా కార్యకర్త హనుమమ్మే ఆ మాట నమ్మదు. మిరపతోటల్లో కూలి చేస్తూ ఎనిమిది దాకా చదివిన మనిషి, పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉంది. రెండు వారాలు దాటి దగ్గినవాడి చేతిలో మూతున్న చిన్న డబ్బా పెట్టి, టీబీ పరీక్షకని, తెల్లారి లేవగానే రొమ్ము లోతు నుంచి దగ్గి తెమడ తెమ్మంటుంది. మనం అన్నం తింటున్నా సరే, చెప్పాల్సింది చెప్పే పోతుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

క్వారీలో డ్రిల్లింగ్ చేసే ఎల్లయ్యకు రెండు నెలలుగా దగ్గు. ఇంట్లో ఆర్నెల్ల మనవరాలు నిహారిక ఆయన రొమ్ము మీద తప్ప నిద్రపోదు. టీబీ అని తేలితే పిల్లను ముట్టనివ్వరని ఆయన భయం. అందుకని మొదటి డబ్బాలో ఉత్త ఉమ్మి పోసిచ్చాడు.

"గివి నాలుక కింది నీళ్ళు. క్రిమి ఉండేది ఊపిరితిత్తుల్ల," అని హనుమమ్మ డబ్బా పారేసి కొత్తది ఇచ్చింది.

మర్నాడు చిక్కటి తెమడే తెచ్చాడు. హనుమమ్మ మూత తీసి చూసింది. ముప్పై ఏళ్ళుగా జర్దా నమిలే మనిషి తెమడ తెల్లగా ఉంది, జర్దా వాసనే లేదు. ఎవరిదైతేనేం, ఎవరో ఒకరి రొమ్ములోదే కదా అనుకుని, ఎల్లయ్య పేరు మీదే దవాఖానకు పంపింది.

మూడో రోజు కబురొచ్చింది. మైక్రోస్కోపు కింద నీలం రంగు మీద సన్నటి ఎర్ర పుల్లల్లాగా టీబీ బ్యాక్టీరియా కనిపించిందట.

హనుమమ్మ నేరుగా ఎల్లయ్య ఇంటికెళ్ళింది. "ఎల్లన్నా, పిల్లను దించు. గీ దినం సంది నీకు మందులు. పిల్ల జర దూరముండాలె."

ఎల్లయ్య పిల్లను గట్టిగా పట్టుకున్నాడు. "గది నాది కాదు. సైదులుది. వానికి దగ్గే లేదు గద, పొద్దుగాల ఒక్కపారి గొంతు సవరిస్తడు. అందుకే అడిగిన."

"నీది కాదని చూడంగనే ఎరుకైంది. ఎవరిదో తెల్వకనే నీ కాడికొచ్చిన."

అప్పటికి గానీ ఎల్లయ్యకు తానేమన్నాడో అర్థం కాలేదు. సైదులు ఆయన పేకాట జోడీ, చిన్ననాటి దోస్తు. "అంటే వానికుందా?" అన్నాడు.

ఇద్దరికీ మళ్ళీ పరీక్ష చేశారు. ఎల్లయ్యది దుమ్ము దగ్గే. సైదులుకు టీబీ ఖాయమైంది. నెల తిరగ్గానే సైదులు బాగైపోయానని మందులు మానబోయాడు. హనుమమ్మ ఊరుకోలేదు.

"జలుబు వైరస్ వారంల దానంతట అదే పోతది. గిది గట్ల కాదు, మెల్లగ పెరుగుతది, మెల్లగ సస్తది. నడుమ ఆపితే మిగిలినయి మందుకు లొంగవు. ఆర్నెల్లు మింగాలె."

రోజూ మింగించే పని ఎల్లయ్యకు అప్పజెప్పింది. దొంగ డబ్బా ఇచ్చినందుకు అదే శిక్షట. నాకు మాత్రం ఆమె మీదున్న కోపమంతా ఆ రోజే పోయింది.

నిన్న ఆఖరి మాత్రలు. వాకిట్లో ఎండలో కూర్చున్న సైదులు నవ్వుతూ అన్నాడు. "నీ డబ్బాల నువ్వే ఊంచి ఉంటే నేను ఎప్పుడో పోయెటోన్ని రా."

ఎల్లయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "మింగినవో లేదో, నోరు తెరువు," అన్నాడు.