బోణీ బేరం

ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను జగ్గయ్యపేటలో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా కుదిరాను. యాభైల చివరి మాట. నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి. గుడ్డ కొలవడం, మడత పెట్టడం వారంలో వచ్చాయి. అబద్ధం చెప్పడం మాత్రం షావుకారు దగ్గరుండి నేర్పాడు.

"పొద్దున వచ్చినా, పొద్దుగూకాక వచ్చినా, అందరికీ బోణీ బేరమనే చెప్పవోయ్" అనేవాడు. మా వైపు మర్యాదస్తులు బోణీ వేళ కొట్టెక్కి ఉత్త చేతులతో దిగరు. దిగితే ఆ రోజంతా కొట్టువాడికి బేరాలుండవని నమ్మకం. తప్పు కాదాండీ అని ఒకసారి అడిగాను. "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. పెళ్ళికి లేని తప్పు చీరకొచ్చిందా?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నెల తిరిగేసరికి ఆయనకంటే నేనే బాగా చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఎదురుగా సోడా కొట్టు పందిరి కింద ఒకావిడ పొద్దుటినుంచీ నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. బొట్టు లేదు, గాజులు లేవు. మా కొట్లోంచి నలుగురైదుగురు మూటలతో దిగాక, మధ్యాహ్నానికి మెట్లెక్కింది. వత్సవాయి నుంచి వచ్చిందట. కూతురికి ఏడో నెల, సీమంతానికి చీర కావాలంది. ఎర్రంచు పసుపు చీర ఒకటి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తడిమి చూసింది. ధర విని, "రేపు మా మరిదిని తీసుకొస్తాలే నాయనా" అని లేచింది.

"బోణీ బేరమమ్మా, కాదనకండి" అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

ఆవిడ అక్కడే ఆగిపోయింది. "బోణీ ఏంటయ్యా? ఇందాకటినుంచీ మూటలతో దిగుతున్నారుగా?"

అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. "అవి మార్చుకోడానికి తెచ్చినవమ్మా" అన్నాను. మొదటిది అలవాటనుకున్నా, రెండోది తెలిసే ఆడాను.

"అందుకేగదయ్యా అంతసేపు ఆ పందిరి కింద నిలబడ్డా, నా చేత్తో బోణీ కాకూడదని" అంది మెల్లగా. మళ్ళీ కూర్చుంది. బేరమాడలేదు. డబ్బు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, "మీ షావుకారుగారికి చెప్పబాక" అని వెళ్ళిపోయింది. భోజనం చేసొచ్చిన షావుకారు, బేరం లేకుండా చీర అమ్మానని నా భుజం తట్టాడు.

వారం తిరక్కుండానే షావుకారు గుండె ఆగి పోయాడు. పదిహేను రోజుల తర్వాత కొట్టు తెరిచాం. ఇంకో రెండు నెలలకు ఆవిడ మళ్ళీ ఆ పందిరి కిందే కనిపించింది. ఎంతకీ మెట్లెక్కకపోతే నేనే వెళ్ళాను.

"మీ షావుకారు పోయారటగా నాయనా" అంది. కళ్ళనిండా నీళ్ళు. "నేను బోణీ చేసిన కొట్టు."

కూతురు ఎలా ఉందని అడిగాను. అత్తారింట్లోనే నీళ్ళాడిందట, ఆడపిల్ల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గదమ్మా అన్నాను.

"తీసుకురాలేదయ్యా. మీ షావుకారు సంగతి తెలిశాక నా చెయ్యంటేనే భయమేసింది. చీర కూడా పెట్టలేదు, పెట్టెలోనే ఉంది. అమ్మాయి అలిగింది. మనవరాల్ని ఇంకా చూళ్ళేదు."

షావుకారు కొడుకు గల్లా దగ్గర్నుంచి చూస్తున్నాడు. చూస్తే చూడనీ అనుకుని చెప్పేశాను. ఆ రోజు మీది బోణీ కాదమ్మా, అప్పటికే నాలుగైదు బేరాలయ్యాయి, అందరికీ అలాగే చెప్తాం, నేను అబద్ధమాడాను అన్నాను. ఒట్టు కూడా వేశాను.

ఆవిడ ఓపిగ్గా అంతా వింది. చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని నా తల నిమిరింది.

"నా మనసు నొచ్చుకుంటుందని చెప్తున్నావు. మంచివాడివి నాయనా, చల్లగా ఉండు" అని బస్సు కోసం వెళ్ళిపోయింది.