రేపల్లె దాకా ఆగకుండా

మా నాన్న కారు రేపల్లె దాకా ఒక్కసారైనా ఆగకుండా వెళ్ళిన పాపాన పోలేదు. ఆయన బాపట్లలో బడిపంతులు, సొంతూరు రేపల్లె. నెలకో ఆదివారం మమ్మల్నందరినీ ఎక్కించుకుని అక్కడి చర్చికి బయలుదేరేవాడు. నగరం అనే ఊరి దగ్గర కాలవ వంతెన రాగానే "వేడెక్కిందే!" అని బండి పక్కకి తీసి బానెట్ ఎత్తేవాడు. ఎదురింట్లోంచి ఒక ముసలావిడ బిందెతో నీళ్ళు తెచ్చేది. నీళ్ళ మామ్మ అనేవాళ్ళం. తేగలో జామకాయలో, ఏదో ఒకటి కొంగులో దాచుకొచ్చి నాకూ చెల్లికీ పెట్టేది. అమ్మ ఆవిడతో మాట్లాడుతూ నిలబడేది. అరగంటకి గానీ కదిలేవాళ్ళం కాదు.

మేం చేరేసరికి ప్రసంగం సగం అయిపోయేది. "ఏంటన్నయ్యా, ఈసారీ పొగ పెట్టిందా?" అని బాబాయిలు పగలబడి నవ్వేవాళ్ళు. నాన్నా నవ్వేసేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

నిరుడు నాన్న పోయాడు. ఏడాది తిరిగాక రేపల్లెలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆరోజు అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఎక్కడా ఆగకుండా వెళ్ళి ఆ నవ్విన నోళ్ళు మూయించాలని నా పంతం. కానీ ఈ కారుందే, నా చేతికొచ్చాక మరీ మొండికేసింది. పది కిలోమీటర్లు పోనిస్తే చాలు, వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చునేది. రేడియేటర్ మూత మార్చాను. బెల్టు మార్చాను. నీళ్ళ పంపూ మార్చాను. ప్రతి వారం మోటారు పైపు పట్టుకుని ముందు జాలీలోకి శుభ్రంగా నీళ్ళు కొట్టాను. అబ్బే, లాభం లేదు.

చివరికి నాన్న నమ్మిన తెనాలి మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళాను. పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, "మీ నాన్నగారి చేతిలో దీనికి ఈ జబ్బు లేదండి" అన్నాడు.

"లేకపోవడమేంటండీ! నెలనెలా రోడ్డు మీద నిలబడింది మేము!"

"ఏమోనండి. ముప్పై ఏళ్ళు చూసింది ఈ చేతులే కదండి" అంటూ రేడియేటర్ ఊడదీసి ఎండకి పెట్టాడు. ఒక్క సందులోంచి కూడా వెలుతురు రాలేదు.

"కోతలప్పుడు వడ్లారబోసిన రోడ్ల మీద తిరిగారు కదండి, ఆ వడ్ల పొట్టు సందుల్లో పట్టేసింది. అది చాలదన్నట్టు ముందునుంచి పైపు కొట్టి మీరే లోపలికి దట్టించారు. వెనకనుంచి కొట్టాలండి, వచ్చిన దారినే పోతుంది."

నెల రోజులు కారుని తిట్టిన నాకు తల కొట్టేసినట్టయింది.

కూడిక రోజు చెరుకుపల్లి దాటినా ముల్లు మధ్యలోంచి కదల్లేదు. నాకు ఈలవేద్దామన్నంత సంతోషం. ఇంతలో వంతెన వచ్చింది.

"ఆపరా" అంది అమ్మ.

"ఎందుకమ్మా? వేడెక్కలేదు, చూడు."

"అప్పుడు మాత్రం ఎప్పుడు వేడెక్కింది గనక?"

బ్రేకు వేశాను. అమ్మ ఎదురింటి వంక చూస్తూ చెప్పింది. అమ్మకి పుట్టిల్లు లేదనే మాకు తెలుసు. ఉంది, ఆ ఇల్లే. మతం కాని మనిషిని చేసుకుందని వాళ్ళ నాన్న గడప తొక్కనివ్వలేదట. ఇంట్లోవాళ్ళని కూతురి మొహం చూడొద్దన్నాడట.

"కానీ దారిలో ఆగిపోయిన వాళ్ళకి నీళ్ళు లేవనడం మా ఇంటావంటా లేదురా. మీ నాన్న 'బండికి నీళ్ళండీ' అని కేకేసేవారు. మా అమ్మ బిందె ఎత్తుకునేది. మా నాన్న అరుగు మీద కూర్చుని కూడా ఏమీ అనలేకపోయేవాడు."

"మాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మీరు 'అమ్మమ్మా' అని పిలిచేవాళ్ళు. అరుగు మీదికి వినబడేది."

ఆవిడ చేతి తేగలు తిన్నాను, ఒక్కసారీ అమ్మమ్మా అనలేదు. నెలనెలా అంతమంది నవ్వుతుంటే తనూ నవ్వి ఊరుకున్న నాన్న గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో ఇప్పుడెవరో ఉంటున్నారు. నేను దిగి, చక్కగా ఉన్న ఇంజను మీద బానెట్ ఎత్తి పెట్టాను. గుమ్మంలోంచి ఒకావిడ తొంగిచూసి, "ఏంటండీ, వేడెక్కిందా? నీళ్ళు తెమ్మంటారా?" అంది.

అక్కర్లేదండి అనబోయాను. అమ్మ అప్పటికే కారు దిగింది.

"అవునమ్మా, ఒక బిందెడు తెచ్చిపెట్టు."

మేం రేపల్లె చేరేసరికి ప్రార్థన సగమైపోయింది. బయటికి రాగానే చిన్న బాబాయి భుజం తట్టి, "ఏంట్రా, ఈసారీ పొగ పెట్టిందా?" అన్నాడు.

"పెట్టింది బాబాయ్" అని నవ్వేశాను.