పెద్దల చుక్క

కుంట అనే ఊరి దగ్గర, శబరి ఏటి ఒడ్డున ఉన్న రైసు మిల్లులో మా ఆయన ఇంజను డ్రైవరు. అప్పటికింకా బస్తర్‌ను రాజులే ఏలుతున్నారు. మా చుట్టుపక్కల ఊళ్లలో కల్లు తాగేముందు వేలితో ఒక చుక్క నేల మీద చిలకరిస్తారు, చనిపోయిన పెద్దల కోసం. మా ఆయనకు ఆ పద్ధతి ఎంత నచ్చిందంటే, దాన్ని ఇంజనుకూ అంటగట్టాడు.

ట్యాంకులో డీజిలు అడుగంటితే పైపుల్లోకి గాలి చేరుతుంది. గాలి చేరిందంటే మనం తలకిందులుగా తపస్సు చేసినా ఇంజను స్టార్టు కాదు. వడపోత డబ్బా మీది మరమేకు వదులు చేసి పంపు మీట కొడుతుంటే ముందు నురగ కక్కుతుంది. నురగ పోయి నూనె తేటగా కారగానే ఆయన ఒక చుక్క వేలికి అందుకుని, నేల మీద చిలకరించి, ఆ తర్వాతే మరమేకు బిగించేవాడు. "ఇంజను గూడ పెద్దలకు పోసినంకనే తాగాలె" అని కూలీలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, నా బుద్ధి కాల!

ఆ వానాకాలం డబ్బాల్లో వచ్చిన డీజిల్లో నీళ్లు కలిశాయి. వడ్లు ఆడుతుండగానే ఇంజను ఆగిపోయింది. వడపోత గుడ్డ ఉతికి, గాలి తీసి, చుక్క చిలకరించి ఎంత తిప్పినా ఉలుకూ లేదు పలుకూ లేదు. చివరికి ఇంజను లోపలికి నూనె చిమ్మే నాజిలును ఊడదీసి బయట పెట్టి, మీట కొట్టమని ముసలి కూలీకి చెప్పాడు. నాజిలులోంచి నూనె కారదు, పొగలా దూసుకొస్తుంది. దాని ముందు చెయ్యి పెట్టొద్దని అందరికీ చెప్పేది ఆయనే. కానీ అలవాటు పడ్డ వేలు మాట వింటుందా? చుక్క కోసం చాపాడు.

అప్పుడే అన్నం తీసుకుని వెళ్లాను, ఆయన వేలు పట్టుకుని చూసుకుంటున్నాడు. "ఏందయ్యా, ఏమైంది?" అన్నాను. వేలి కొసన చీమ కుట్టినంత గుర్తు, అంతే. నెత్తురు కూడా రాలేదు.

"ఏం గాలేదే, పో" అని కసిరాడు.

సాయంత్రానికి చెయ్యి బూరెలా ఉబ్బింది. పసుపూ సున్నమూ పట్టించాను. తెల్లారేసరికి వేళ్లు నల్లబడుతున్నాయి. ఆసుపత్రి ఏటి అవతల. శబరి చూస్తే పొంగి పొర్లుతోంది. పడవవాడి కాళ్లు పట్టుకున్నాను. "జర తగ్గనియ్ బిడ్డా, అందరం మునుగుతం" అన్నాడు. వానను, ఏటిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఏరు తగ్గి అవతలికి చేరేసరికి చెయ్యి చచ్చుబడింది. మణికట్టు పైదాకా తీసేశారు. కుడిచెయ్యి. "నూనె లోపలికంటా పోయింది, వెంటనే తెస్తే కోసి కడిగేవాళ్లం" అన్నాడు డాక్టరు. వెంటనే ఎట్లా తెస్తానయ్యా? ఆ మాట ఏటికి చెప్పు.

మిల్లుకు ఇంకో డ్రైవరు దొరకలేదు. ఆయన పక్కన నిలబడి చెబుతుంటే మరమేకులు నేనే తిప్పాను. ఇంజను నా చేతిలో మొదటిసారి అందుకున్నప్పుడు కూలీలంతా కేకలు పెట్టారు. ఆయన మాత్రం ఊక కుప్ప చాటుకు పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. చెయ్యి పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు.

ఆనాటి నుంచి రోజూ పని ముగిశాక "ఏదీ, చేతులు జూపియ్యి" అనేవాడు. ఎడమ చేత్తో నా వేళ్లు ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసేవాడు. "ఉన్నయ్‌లే, యాడికీ పోలే" అని విసుక్కునేదాన్ని.

ఆయన పోయాక మళ్లీ మిల్లుకు వెళ్లిన రోజు, ఇంజను ఆపేసి, నూనె చేతులు తుడుచుకోకుండా చాపుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.