కొన్న మనిషి

పత్రికలో ఉన్నన్నాళ్లూ ఫోటోల కింద వాక్యాలు రాసినవాణ్నని, పక్క క్వార్టర్ అమ్మాయి నన్ను ఇంటికి పిలిచింది. గోదావరిఖనిలో జరిగే డిజిటల్ బొమ్మల పోటీకి కంప్యూటర్‌లో ఒక బొమ్మ చేసింది. దాని కింద రెండు వాక్యాలు రాయాలట.

బొమ్మలో వాళ్ల ఇల్లే ఉంది. అప్పుడే తెల్లవారుతోంది. పెచ్చులూడిన గోడకు ఆనించిన సైకిల్, దాని హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, బొగ్గుగనిలో ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరుతున్న మనిషి.

“అంతా నువ్వే చేశావా?” అన్నాను.

“మనిషిని కొన్న, కాక,” అంది మెల్లగా. “ఆన్‌లైన్‌ల రెడీమేడ్ మోడళ్లు అమ్ముతరు. మనిషిని చేసుడు నాకింకా రాదు. కొనొద్దని రూల్స్‌ల లేదు. కానీ కొన్నట్టు రాస్తే పక్కకు పెడ్తరేమో.”

మొదటి బహుమతి మీద ఆమె పెట్టుకున్న ఆశ నాకు తెలుసు. హైదరాబాద్ వెళ్లి ఈ పనే నేర్చుకోవాలని ఆమెకు ఉంది. తండ్రి బ్యాంకు కోచింగ్ అంటున్నాడు. బహుమతి తెస్తే ఇది ఆట కాదని నమ్ముతాడు. బొమ్మలో సైకిల్ చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ తనే కూర్చింది.

ఇంతలో ఆ తండ్రే డ్యూటీ దిగి వచ్చాడు. తెర మీదికి వంగి చూశాడు.

“గోడ మనదే. సైకిల్ మనదే. గీయనెవరు? కొత్తగ డ్యూటీల జాయినైండా?”

“నువ్వే, బాపు.”

“నేనా! నేనెప్పుడు గింత నిటారుగ నిలవడ్డ?”

అమ్మాయి సంగతి చెప్పేసింది. చాయ్ తెస్తున్న తల్లి కూతురి వైపు తిరిగింది.

“మనుషుల్ని అమ్ముతరని ముందే చెప్పకపోతివి! మాట వినెటోణ్ని నేనొకణ్ని కొనుక్కుందు గదనే.”

నవ్వి, ఆయన కూర్చున్నాడు. “మనిషిని సొంతంగ చేసెటోళ్లు గూడ వస్తరా పోటీకి?”

“వస్తరు.”

కాసేపు చాయ్ ఊదుకున్నాడు. “నేను బొగ్గు నింపే పనిల జేరినప్పుడు తట్ట, బొగ్గు ఎత్తే చెమ్మస్ పార కంపెనీయే. దానికెవ్వడు ఏమనలే. నింపిన బొగ్గు టబ్బు మీద మాత్రం ఎవని నంబర్ ఆడు చాక్‌పీసుతోటి ఏసుకునెటోడు. ఒకడు నింపినదాని మీద ఇంకొకడు ఏస్తే, ఆనితోటి ఎవ్వరు కూసోని తినకపోయేది.”

“మరి గిది తట్టనా, టబ్బా, బాపు?”

“నాకేం ఎరుక, బిడ్డా? నీది నీదని, ఆనిది ఆనిదని రాయి. మిగతాది వాళ్లే చూసుకుంటరు.”

‘ఇల్లు, సైకిల్, తెల్లవారే వెలుగు నేను చేసినవి. మనిషిని కొన్నాను, చేసినవారు వేరొకరు.’ ఆమె రాసిన దాంట్లో నేను ఒక్క అక్షరం మార్చలేదు.

బహుమతుల రోజు తండ్రీ కూతుళ్లతో నేనూ వెళ్లాను. మొదటి బహుమతి రామగిరి నుంచి వచ్చిన కుర్రాడికి దక్కింది. ఈమెకు ఏదీ రాలేదు. కొన్న మోడల్ వల్లేనా అంటే ఎవరూ చెప్పలేదు. ఆ కుర్రాడి బొమ్మలో ఒక ముసలామె ఆకుకూరలు అమ్ముతోంది. ఆమె చేతి ముడతలు చూస్తూ అమ్మాయి తండ్రి చాలాసేపు నిలబడ్డాడు.

తిరుగు ఆటోలో అమ్మాయి బయటికే చూస్తూ కూర్చుంది. కాలనీ మలుపులో ఆయనే అడిగాడు.

“మనిషిని చేసుడు గూడ నేర్పుతరా హైదరాబాద్‌ల?”

“నేర్పుతరు, బాపు.”

“అయితే పో. నన్ను మాత్రం జర వంగినట్టే చెయ్యాలె.”