బయటి గోడ ముట్టుకోలేదు

1964 నవంబరు 12, గురువారం, మధ్యాహ్నం రెండుంబావుకి పెన్న మా ఊరి ఇటుకల దిబ్బను పగలగొట్టుకుని లోపలికి వచ్చింది. ఇది రాసిపెట్టాలని ఇన్నేళ్లూ అనిపించలేదు. నిన్న పేపర్లో ఎక్కడో తవ్వితీసిన బౌద్ధ స్తూపం ఫోటో వేశారు, పైనుంచి తీసినది. నేలమీద పరిచిన పెద్ద బండిచక్రంలా ఉంది. నడుమ కుండ, దానినుంచి నలువైపులా ఆకులు, వాటి చివర గుండ్రటి గోడ. అన్నీ ఇటుకలే. ఆకుల మధ్య గదుల్లో మట్టి దట్టించి పైన గుమ్మటం లేపేవారట. లోపలి మట్టి తోసినా, బయటి నీరు తోసినా గోడ కదలకుండా పట్టి ఉంచేవి ఆ ఆకులే. కాఫీ చల్లారిపోయేదాకా ఆ ఫోటో చూస్తూ కూర్చున్నాను.

మా ఊరు ఇందుకూరుపేటకు ఆవల. సముద్రంలో కలిసేముందు పెన్న అక్కడొక వంపు తిరుగుతుంది. ఆ వంపులోనే దిబ్బ. కరకట్ట దిబ్బదాకా వచ్చి ఆగి, అవతల మళ్లీ మొదలయ్యేది. మధ్యలో దిబ్బే కట్ట. దాని ఇటుక మూరెడు పొడవు, పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో లాగిన మూడు వేళ్ల గాడి ప్రతిదానిమీదా ఉండేది. దిబ్బ పక్కన ఒక పునాది, ముందువైపు చదరంగా, వెనక లాడంలా వంపు తిరిగి ఉండేది. అది భిక్షువుల చైత్యమని మాకు తెలియదు, అందులో తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. సగం తామరపువ్వు చెక్కిన తెల్లరాతి పలకమీద మా వీధి ఆడవాళ్లు పసుపుకొమ్ములు దంచేవారు. అందుకని ఆ తామర మా ఊళ్లో ఎప్పుడూ పసుపుపచ్చే.

ఆ ఏడు వేసవిలో తవ్వకాల ఆఫీసరు ఒకాయన వచ్చి రెండు గుంటలు తవ్వించాడు. సముద్రం మీదినుంచి పడవలు నదిలోకి తిరిగి ఇక్కడ ఆగేవని, వర్తకులు ఇచ్చిన సొమ్ముతో భిక్షువులు ఈ స్తూపం కట్టించుకున్నారని మా నాయనకు చెప్పాడు. నాయన ఊరి మునసబు. గుంటలో గుండ్రటి గోడ కొంత, లోపలికి పోయే ఇటుక వరసలు రెండు మాత్రమే బయటపడ్డాయి. వానలు దగ్గరపడి ఆయన వెళ్తూ, "మునసబు గారూ, ఈ గోడమీద ఎవరూ చెయ్యి వేయకుండా చూడండి. వచ్చే వేసవికి వస్తాను" అన్నాడు. నాయన సరేనన్నాడు. నాయన సరే అంటే ఊరికి చట్టం.

నవంబరు పదిన పొద్దున ఎగువ కట్టకు గండి పడబోతోందని కేక వినిపించింది. ఇసక మూటలు వేసినవి వేసినట్టు కొట్టుకుపోతున్నాయి. మా పెదనాయన మోకాలి లోతు బురదలో నిలబడి నాయనమీద లేచాడు.

"ఇన్ని ఇటుకలు కళ్లముందర పెట్టుకోని ఇసక మోపిస్తా ఉండావే, నీకేమన్నా మతి ఉందా?"

"మాటిచ్చినాను అన్నా."

"ఏమని ఇచ్చినావు? గోడ ముట్టుకోనియ్యనని కదా. లోపలివి గోడలంట్రా? ఉత్త అడ్డవరసలు. బయటి గోడకి గీత పడకుండా అప్పజెప్తాలే నీ ఆఫీసరుకి."

అవతల గండి, ఇవతల మాట, మధ్యలో ఊరంతా నాయన నోటివైపే చూస్తోంది. చివరికి "బయటిది ముట్టుకోబాకండి" అన్నాడు.

ఇంటిదగ్గర మా అవ్వ ఈ సంగతి విని, "పేగులు దీసేసి తోలు బద్రంగా ఉంచుతారంటనా?" అంది.

"ఆ మాటేదో కోడిని కోసేటప్పుడు చెప్పుమా" అన్నాడు పెదనాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పైనుంచి దిగి, మట్టి తోడిపోసి, ఆకులు ఒక్కొక్కటే ఊడబెరికారు. రోజూ బండి కట్టే మనుషులే అందరూ. బుధవారం పొద్దుగూకేసరికి ఆ ఇటుకలతో ఎగువ కట్ట నిలిచింది. పెదనాయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

గురువారం నీరు వంపులోకి ఎక్కింది. నాయనకు అన్నం తీసుకెళ్లిన నాకు ఆయన దిబ్బ లోపల, తోడిన గోతిలో, గోడకు అరచెయ్యి ఆనించి కనిపించాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. గోడ కడుపుతో ఉన్న మనిషిలా లోపలికి ఉబ్బి ఉంది. చిన్నగా ఇసక రాలుతున్న చప్పుడు. నాయన గొంతు పెంచకుండా అన్నాడు: "అమ్మణ్ణీ, గిన్నె ఆడనే పెట్టు. మన వీదిలో అందర్నీ బడికాడికి తోలుకుపో. అవ్వని ముందు లేపు. ఏమీ సర్దుకోబాకండి."

"నువ్వో?"

"నువ్ పోతే నేనొస్తా."

మెరకమీది బడి అరుగెక్కి తలలు లెక్కపెట్టాను. నాయన ఒక్కడే తక్కువ. ఆయన ఆఖరి ఇంటి ముసలాయన్ని వీపున వేసుకుని మలుపు తిరిగాక, వెనక దిబ్బ కూర్చుండిపోయింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. బడి గడియారం చూసింది నేనే.

వేసవికి ఆఫీసరు వచ్చాడు. దిబ్బ ఉన్నచోట నీటిమడుగు. "బయటి గోడ ముట్టుకోలేదు సార్" అన్నాడు నాయన. ఆఫీసరు "మనుషులు క్షేమమేనా?" అని మాత్రం అడిగాడు. ఆ ఏడాదే నాయన మునసబీ వదిలేశాడు.

పోయినవి: మా వీధిలో పదకొండు ఇళ్లు. ఇసక మేటవేసిన మాగాణి ఇరవై ఎకరాలు. పెదనాయన ఎద్దుల జత. తెల్లరాతి పలకలన్నీ, చైత్యం, స్తూపం. మనుషులు ఎవరూ పోలేదు. స్తూపం వయసు రెండువేల ఏళ్లకు అటూ ఇటూ అని ఆఫీసరు అంచనా. మేము దానిలో పనిచేసింది మంగళవారం పొద్దున్నుంచి బుధవారం సాయంత్రం దాకా.